దేవతల పేర్లు: బాదరాయణ సంబంధమా, అసలు చుట్టరికమా?

ప్రస్తావన

ఈజిప్టు సూర్యదేవుడి పేరు రా. మన భాషల్లో సూర్యుడు రవి. ఈజిప్టును ఏలిన ఫారోల్లో పదకొండు మంది పేరు రామెసెస్. మనకు రాముడున్నాడు. ఈ నాలుగు మాటలను వరుసగా పేర్చి, ఈజిప్టు నాగరికత ఇక్కడి నుంచే వెళ్ళిందనో, ఇక్కడి మతమే అక్కడి నుంచి వచ్చిందనో తేల్చి చెప్పే సందేశం మీ ఫోనుకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఇలాంటి మాటను నవ్వి తోసెయ్యడం సులభం, నమ్మడం ఇంకా సులభం. చరిత్ర విద్యార్థి ఈ రెండింటిలో ఏదీ చేయకూడదు. ఎందుకంటే పేర్ల పోలిక కొన్ని చోట్ల నిజంగానే చాలా గట్టి ఆధారం. శాసనాలకు, గ్రంథాలకు ముందున్న కాలం గురించి మనకు తెలిసిన కొద్దిపాటి సంగతుల్లో కొన్ని ఈ పోలికల నుంచే తెలిశాయి. ఏ పోలిక ఆధారమో, ఏది కాదో వేరు చేయడమెలా అన్నదే ఈ పాఠంలోని ప్రశ్న.

మన పెద్దలు లేని చుట్టరికాన్ని బాదరాయణ సంబంధం అంటారు. మీ పెరట్లో రేగుచెట్టు ఉంది, మా బండికి రేగుచెక్క చక్రం ఉంది, కాబట్టి మనం బంధువులం అని ఒకడు ఎవరి ఇంట్లోనో భోజనానికి కూర్చున్న కథ అది. రా, రవి సంబంధం సరిగ్గా ఇలాంటిదే. ప్రాచీన ఈజిప్టు లిపిలో అచ్చులు రాసేవారు కాదు. ఆ దేవుడి పేరులో రాసి ఉన్నవి రెండే హల్లులు: ఒకటి రకారం, రెండోది గొంతులోంచి పలికే, తెలుగులో లేని ఒక ధ్వని. దానికి ‘ఆ’ చేర్చి చదవడం ఆధునిక పండితులు పెట్టుకున్న ఏర్పాటు. ఆ భాషకు చివరి రూపమైన కోప్టిక్‌లో ఈ పేరు ‘రే’. రామెసెస్ అన్న పేరు ఒక వాక్యం. ‘రా అతన్ని కన్నాడు’ అని దాని అర్థం. ఆ వాక్యాన్ని విడదీస్తే అందులో ‘రామ’ అన్న ముక్కే మిగలదు. రెండు మూడు ధ్వనులున్న చిన్న మాటలు ప్రపంచంలో ఏ రెండు భాషల్లోనైనా కాకతాళీయంగా కలుస్తాయి. పొట్టి పేరు దొరికినప్పుడు అనుమానం ఎక్కువగా ఉండాలి.

అమ్మ అన్న మాట విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆసియా మైనర్‌లోని కొమానా పట్టణంలో ‘మా’ అనే దేవతను కొలిచేవారు. మనకు ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ ఉన్నారు. పసిపిల్లలు మొదట పలికే ధ్వనుల్లో పెదవులు కలిపి పలికే ‘మ’ ఒకటి కాబట్టి, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో భాషల్లో తల్లిని పిలిచే మాటలో మకారం వినిపిస్తుంది. దీన్ని బట్టి దేవతల వలసలు ఊహించలేం.

ఒక న్యాయమూర్తి, రెండు పద్ధతులు

కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా 1783లో వచ్చిన సర్ విలియం జోన్స్ పేరు మీరు ముందే విని ఉంటారు. 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించినది ఆయనే. అదే సంవత్సరం గ్రీసు, ఇటలీ, భారతదేశాల దేవతలను పోల్చుతూ ఆయన ఒక వ్యాసం రాశాడు. అందులో మొదటి జత గణేశుడు, రోమన్ దేవుడు జానుస్. ఇద్దరూ ఆరంభాలకు అధిపతులు, ఇద్దరినీ ఏ కార్యానికైనా ముందు తలుస్తారు, పేర్లు కూడా దగ్గరగా వినిపిస్తాయి. చూడడానికి ముచ్చటైన జత. కానీ నిలవదు. గణేశ అన్నది గణ, ఈశ అనే రెండు మాటల సంధి. జానుస్‌ను రోమన్లు ‘యానుస్’ అని పలికేవారు. ద్వారం అనే అర్థమున్న ‘యానువా’ అన్న లాటిన్ మాటకు అది దగ్గరిది. కాలం కూడా కలవదు. ఏనుగు తల గణేశుడి విగ్రహాలు స్పష్టంగా కనిపించేది గుప్తుల కాలం నుంచి. జానుస్ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రోములో ఉన్నాడు.

అదే జోన్స్ 1786 ఫిబ్రవరి 2న సొసైటీ సభలో చేసిన ప్రసంగం వేరే స్థాయిది. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒక మూలం నుంచి పుట్టి ఉండాలని, ఆ మూలభాష ఇప్పుడు ఉండకపోవచ్చునని ఆయన అన్నాడు. ఈసారి ఆయన చూపింది విడి మాటల పోలిక కాదు; క్రియాధాతువుల్లో, వ్యాకరణ రూపాల్లో కనిపించే పోలిక. రెండు సంవత్సరాల తేడాతో ఒకే మనిషి చేసిన ఈ రెండు పనులను పక్కపక్కన పెట్టి చూస్తే పద్ధతి ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఇదే పద్ధతి తెలుగుకు కూడా మేలు చేసింది. మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి 1816లో రాసిన పరిచయంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ధాతువులను వరుసగా పోల్చి చూపాడు. కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది. అంటే దానికి నలభై ఏళ్ళ ముందే. ఎల్లిస్ తన వాదనలో బందరు పండితుడు మామిడి వెంకయ్య మాటలను కూడా ఉదహరించాడు. తత్సమం, తద్భవం, దేశ్యం అనే విభజన మన వ్యాకరణాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. మాట ఎరువుగా వచ్చిందా, సొంతమా అని అడగడం తెలుగు విద్యార్థికి కొత్త కాదు. దేవతల పేర్లను కూడా అలాగే అడగాలి.

ద్యౌస్, జియస్, యుప్పితెర్

సాటిలేని ఉదాహరణ ఆకాశపు తండ్రి. ఋగ్వేదంలో ఆయన ద్యౌష్పితా. గ్రీకులు జియస్‌ను సంబోధించేటప్పుడు ‘జెఉ పాతెర్’ అంటారు, అంటే ఓ తండ్రీ జియస్ అని. రోమన్ల యుప్పితెర్ పేరులో చివరి భాగం ‘పాతెర్’, తండ్రి. మనం జూపిటర్ అంటున్నది ఆయననే. మూడు భాషల్లోనూ ఒక్క పేరే కాదు, రెండు మాటల జత మొత్తం కలుస్తోంది. రెండు మాటలు ఒకే క్రమంలో, ఒకే అర్థంతో కాకతాళీయంగా కలవడం దాదాపు అసాధ్యం.

దీనికన్నా బలమైన సాక్ష్యం విభక్తుల్లో ఉంది. జియస్, ద్యౌస్ అన్న ప్రథమా రూపాలు చెవికి అంత దగ్గరగా ఉండవు. ‘జియస్ యొక్క’ అనడానికి గ్రీకులో ‘దియోస్’, సంస్కృతంలో ‘దివః’. గ్రీకు చరిత్ర నడిచే కొద్దీ అందులో వకారం పోయింది. అది పోకముందు రూపం ఎలా ఉండేదో చూసే అదృష్టం మనకు 1952లో కలిగింది. ఆ ఏడాది మైకేల్ వెంట్రిస్ అనే యువ వాస్తుశిల్పి ‘లీనియర్ బి’ అనే లిపిని చదవగలిగాడు. పైలోస్, క్నోసోస్ రాజప్రాసాదాల్లో దొరికిన ఆ మట్టి పలకలు క్రీ.పూ. 1200కు ముందువి. దేవతలకు పంపిన కానుకల లెక్కల్లో ‘జియస్‌కు’ అనే అర్థంలో వాటిలో ఉన్న మాట ‘దివె’. సంస్కృతంలో అదే చతుర్థీ విభక్తి రూపం ‘దివే’. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు భాషల్లో పేరు, ఆ పేరుకు చేరిన విభక్తి కూడా ఒకటే అయినప్పుడు, దాన్ని బాదరాయణ సంబంధం అనలేం.

ఈ మాటకు మూలార్థం వెలుగు, పగలు, ఆకాశం. దివసం, దివి అని మనం వాడే తత్సమాలు ఈ ధాతువువే. లాటిన్‌లో పగలును ‘దియెస్’ అంటారు. దివిసీమలోని ‘దివి’ మాత్రం వేరు. అది కృష్ణా సముద్రంలో కలిసేచోట ఉన్న దీవి. దానికి స్వర్గంతో పనిలేదు. సొంత ఇంట్లోనే ఇలాంటి పోలికలు మోసం చేస్తుంటే, పరాయి భాషల సంగతి చెప్పనక్కరలేదు.

పేరు ఒకటైనంత మాత్రాన దేవుడి బతుకు ఒకటి కాదు. జియస్, యుప్పితెర్‌లు తమ తమ దేవలోకాలకు రాజులు, చేతిలో పిడుగు ధరించినవారు. ద్యౌస్‌కు ఋగ్వేదంలో ఒంటరిగా ఒక్క సూక్తం కూడా లేదు. పృథివితో కలిపి ద్యావాపృథివులుగానే స్తుతించారు. పిడుగు ఇంద్రుడి చేతికి వెళ్ళింది. అంటే పేరు ఒకరి దగ్గర, ఉద్యోగం మరొకరి దగ్గర ఉన్నాయి. కాబట్టి ఈ పోలిక నుంచి చెప్పగలిగింది ఇంతే: ఈ భాషలు విడిపోకముందు వాటి మూలభాష మాట్లాడినవారికి ‘ఆకాశపు తండ్రి’ అనే దేవుడు ఉన్నాడు. ఆ దేవుడికి గుడి ఉందా, ఏ కథలు చెప్పుకునేవారు, ఆయనే రాజా అన్నవి ఈ పేరు చెప్పదు.

ఉషస్సు, ఈస్టరు

ధ్వనులు ఇష్టం వచ్చినట్టు మారవు. ఒక భాషలో ఒక ధ్వని మారితే అదే పరిస్థితిలో ఉన్న మాటలన్నిట్లోనూ మారుతుంది. సంస్కృతంలో ‘సప్త’, లాటిన్‌లో ‘సెప్తెమ్’, గ్రీకులో ‘హెప్త’. గ్రీకులో మాట మొదటి సకారం హకారమైంది, రెండు అచ్చుల మధ్య ఉన్నది పూర్తిగా పోయింది. లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య సకారం రకారమైంది. ‘ఫ్లోస్’ అంటే పువ్వు, ‘ఫ్లోరిస్’ అంటే పువ్వు యొక్క.

ఇప్పుడు వేకువ దేవత పేరు చూడండి. సంస్కృతంలో ఉషస్, గ్రీకులో ఎయోస్, లాటిన్‌లో ఔరోరా. చెవికి మూడూ వేరు. కానీ పై సూత్రాలతో చూస్తే, సంస్కృతంలో ఊష్మాక్షరం ఉన్నచోట గ్రీకులో ఏమీ లేదు, లాటిన్‌లో రకారం ఉంది. అనుకున్నట్టే ఉంది. లిథువేనియన్ భాషలో వేకువను ఇప్పటికీ ‘ఔష్రా’ అంటారు. ఒకేలా వినిపించని మాటలే ఇక్కడ రక్తసంబంధులు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఈస్టర్ పండుగ పేరు. ఇది బాబిలోను దేవత ఇష్టార్ పేరేనని చాలామంది రాస్తుంటారు. ఇష్టార్ సెమిటిక్ భాషల దేవత. ఫినీషియన్ల అష్టార్త్, గ్రీకులు అస్టార్టే అన్న దేవత ఆమె చుట్టాలు. ఈస్టర్ అన్నది జర్మానిక్ మాట. క్రీ.శ. 725లో ఇంగ్లండు సన్యాసి బీడ్, తమ పూర్వులు ‘ఎయోస్త్రె’ అనే దేవత పేరిట ఒక నెలను పిలిచేవారని రాశాడు. ఆయన తప్ప మరే ప్రాచీన రచయితా ఈ దేవత మాట ఎత్తలేదు కాబట్టి, అలాంటి దేవత నిజంగా ఉందా అన్న సందేహం కొందరికి ఉంది. మాట విషయంలో చిక్కు తక్కువ: అది వేకువ, తూర్పు అనే అర్థాలున్న పాత ధాతువుది, ఉషస్సు పేరు కూడా దాని నుంచే వచ్చింది. అంటే ఈస్టర్ అనే మాట ఇష్టార్‌కు ఏమీ కాదు, ఉషస్సుకు దూరపు చెల్లెలు. ఇది పేరు సంగతి మాత్రమే సుమా. పండుగ యూదుల పస్కా నుంచి వచ్చింది; యూరపులోని చాలా భాషలు దాన్ని పస్కా పేరుతోనే పిలుస్తాయి.

నమ్మించి మోసగించే జతలు

లాటిన్‌లో దేవుణ్ణి ‘దెయుస్’ అంటారు, గ్రీకులో ‘థెయోస్’. మన మాట ‘దేవ’. మూడూ ఒకటే అని ఎవరైనా ఒప్పుకునేలా ఉన్నాయి. ధూమం అన్న మాటతో పరీక్షించి చూద్దాం. సంస్కృత ‘ధూమ’కు లాటిన్‌లో ‘ఫూముస్’ అంటే పొగ, గ్రీకులో ‘థూమోస్’ అంటే మనసులోని ఆవేశం. అంటే గ్రీకులో థకారం ఉంటే సంస్కృతంలో ధకారం ఉండాలి, లాటిన్‌లో మాట మొదట ఫకారం ఉండాలి. ‘దేవ’లో ఉన్నది ఒత్తులేని దకారం. అందువల్ల దేవ, దెయుస్ ఒక ఇంటివి. థెయోస్ వేరే ఇంటిది. ఒక్క ఒత్తు ఎంత పని చేసిందో చూడండి.

గంధర్వుడు, గ్రీకుల కెంటార్ కూడా ఇలాంటి జతే. నడుము పైన మనిషి, కింద గుర్రం అయిన కెంటార్‌ను పంతొమ్మిదో శతాబ్దపు పండితులు గంధర్వుడితో కలిపారు. ధ్వని సూత్రాలు దీనికి ఒప్పుకోవు. గంధర్వుడి అసలు బంధువు ఇరాన్‌లో ఉన్నాడు: అవెస్తాలోని గందరేవ. ఆయన పాడడు, సముద్రంలో ఉండి, కెరెసాస్ప అనే వీరుడి చేతిలో చచ్చే రాక్షసుడు.

ఇక వరుణుడు, ఔరనోస్. మాక్స్ ముల్లర్ తరం ఈ జతను బాగా నమ్మింది. ఔరనోస్ అంటే గ్రీకులో ఆకాశం. వరుణుడు కూడా వేదంలో ఆకాశం నుంచి లోకాన్ని కనిపెట్టే రాజు. ఇప్పటి భాషా శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది దీన్ని అంగీకరించరు. ఔరనోస్‌ను వర్షానికి సంబంధించిన ధాతువుతో ముడిపెడతారు. కథలు కూడా కలవవు. హెసియడ్ కావ్యంలో ఔరనోస్‌ను కొడుకు క్రోనోస్ కొడవలితో అంగచ్ఛేదం చేసి అధికారం లాక్కుంటాడు. వరుణుడి విషయంలో అలాంటి కథ లేదు. అయితే అచ్చం ఆ కథే హిట్టైట్ల రాజధాని హట్టుషలో దొరికిన పలకల మీద ఉంది. అక్కడ ఆకాశదేవుడు అను, అతన్ని అంగచ్ఛేదం చేసినవాడు కుమార్బి. అను, ఔరనోస్ పేర్లకు పోలికే లేదు. కుమార్బి, క్రోనోస్‌లకూ లేదు. కథ మాత్రం పశ్చిమాసియా నుంచి గ్రీసుకు చేరింది. పేర్ల వెంట పడితే వరుణుడి దగ్గరికి వెళ్ళి దారి తప్పుతాం, అసలు సంబంధం పేర్లు కలవనిచోట ఉంది. పేర్లే పట్టుకుని వేలాడేవారు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుంచుకుంటే చాలు.

బోగజ్‌కోయ్ మట్టి పలక

హట్టుష ఉన్న చోటు నేటి టర్కీలోని బోగజ్‌కోయ్. 1906లో హ్యూగో వింక్లర్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టి వేల పలకలు వెలికితీశాడు. వాటిలో ఒకటి హిట్టైట్ రాజు సుప్పిలులియుమకు, మితాని రాజు షత్తివాజకు మధ్య క్రీ.పూ. 14వ శతాబ్దంలో జరిగిన సంధి. సంధికి సాక్షులుగా ఇరువైపుల దేవతల పేర్లు రాశారు. మితాని వైపు దేవతల జాబితాలో మిత్ర, వరుణ, ఇందర, నాసత్య అనే పేర్లున్నాయి. భాష అక్కడియన్, లిపి క్యూనిఫాం. మితాని ప్రజలు మాట్లాడేది హుర్రియన్. అది ఈ కుటుంబానికి చెందిన భాషే కాదు.

ఒక్క పేరైతే కాకతాళీయం అనవచ్చు. ఋగ్వేదంలో జంటగా వచ్చే మిత్రావరుణులు ఇక్కడా జంటగానే ఉన్నారు. అశ్వినులకున్న మరో పేరు నాసత్యులు కూడా ఉంది. పైగా అదే కాలంలో మితానికి చెందిన కిక్కులి అనే అతను గుర్రాల శిక్షణ మీద రాసిన గ్రంథంలో చుట్ల లెక్క ఐక, తేర, పంజ, సత్త, నా అని ఉంది. ఏక, త్రి, పంచ, సప్త, నవ అన్న మాటలను పరాయి నాలుక పలికిన తీరు ఇది. దేవతలు, గుర్రాలు, అంకెలు అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. ఈ దేవతలనే సాక్షులుగా ఎందుకు పిలిచారన్నదానికి పాల్ థీమె 1960లో మంచి సమాధానం చెప్పాడు: వీరు ఒప్పందాలను, ఆడిన మాటను కాపాడే దేవతలు, అందుకే సంధిపత్రంలోకి వచ్చారు. అవెస్తా భాషలో ‘మిథ్ర’ అంటే ఒప్పందమే.

ఈ పలక ఎంత చెబుతుందో అంతే తీసుకోవాలి. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఉత్తర సిరియా ప్రాంతపు పాలకులు ఈ పేర్లతో దేవతలను కొలిచారని ఇది రుజువు చేస్తుంది. వారు ఎటు నుంచి ఎటు వెళ్ళారో ఇందులో రాసి లేదు. ఇండో-ఆర్య భాష మాట్లాడేవారిలో ఒక శాఖ భారతదేశానికి రాకముందే పడమటికి విడిపోయిందని ఎక్కువమంది పండితులు భావిస్తారు. ఆ అభిప్రాయానికి ఆధారం భాషల పరిణామ క్రమం, ఇతర సాక్ష్యాలే గాని, ఈ ఒక్క పలక కాదు. పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి.

దేవుడు దయ్యమైన చోటు

ఇరాన్‌లోని పేర్లు మన పేర్లకు అద్దంలో బింబాల్లా ఉంటాయి. అక్కడ సకారం హకారమవుతుంది: సింధు హిందు అయింది, అసుర అహుర అయింది. మనకు యముడు వివస్వంతుడి కొడుకు; అవెస్తాలో యిమ వీవహ్వంత్ కొడుకు. తండ్రీకొడుకుల పేర్లు రెండూ కలిశాయి. కానీ మన యముడు మొదట మరణించి పితృలోకానికి రాజైతే, యిమ చలి, ముసలితనం, చావు లేని స్వర్ణయుగానికి రాజు. తర్వాతి పారసీక కావ్యాల్లో జంషీద్ ఆయనే.

జరతుష్ట్రుడి మతంలో పరమ దైవం అహుర మజ్దా. ‘దఏవ’ అంటే దుష్టశక్తి. అవెస్తాలో ఇంద్రుడు, నాసత్యుడు దుష్టశక్తుల జాబితాలో ఉన్నారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో పారసీక చక్రవర్తి క్సెర్‌క్సిస్ తన శాసనంలో దైవల ఆలయాన్ని పడగొట్టి, అక్కడ అహుర మజ్దాను కొలిచానని చెప్పుకున్నాడు. ఇటువైపు ‘అసుర’ అన్నది ఋగ్వేదంలో వరుణుడికి, ఇతర దేవతలకు గౌరవంగా వాడిన బిరుదు. తర్వాతి సాహిత్యంలో అది రాక్షసుల పేరైంది. పూర్వం ఒక్కటిగా ఉన్న జాతి మతకలహంతో చీలిందని, ఒకరి దేవతలను మరొకరు దయ్యాలుగా మార్చారని పాత పుస్తకాలు ఒక చక్కని కథ చెబుతాయి. అది మరీ చక్కగా ఉండడమే నాకు అనుమానం. ఋగ్వేదంలో అసుర శబ్దం దిగజారడం మెల్లగా జరిగింది. మిత్రుడు రెండు వైపులా గౌరవంగానే ఉన్నాడు. ఒక్క యుద్ధంతో జరిగిన చీలికైతే ఇలా ఉండదు.

ఆ మిత్రుడి పేరు చేసిన ప్రయాణం మిగతావాటన్నిటికన్నా విచిత్రం. మిత్ర, మిథ్ర పేర్లు రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఇరాన్‌లో మిథ్ర క్రమంగా సూర్యుడితో కలిసిపోయి, పలుకుబడిలో అరిగి ‘మిహ్ర్’ అయ్యాడు. పడమటి వైపు ఈ పేరు రోమన్ సైనికుల దాకా వెళ్ళింది, క్రీ.శ. 1 నుంచి 4 శతాబ్దాల మధ్య వారు నేలమాళిగల్లో ఎద్దును వధించే మిథ్రాస్‌ను కొలిచారు. ఆ ఆరాధనలో ఇరాన్ నుంచి వచ్చింది పేరుకన్నా ఎక్కువా, తక్కువా అన్న వాదం ఇంకా తెగలేదు. తూర్పు వైపు కనిష్కుడి నాణేల మీద తల చుట్టూ కిరణాలతో ఒక దేవుడు నిలబడి ఉంటాడు. పక్కనే గ్రీకు అక్షరాల్లో ‘మియిరో’ అని ఉంటుంది. అలా ఇరాన్ రూపం మన దేశంలోకి దిగి, సంస్కృతంలో సూర్యుడికి ‘మిహిర’ అనే పర్యాయపదమైంది. అంటే సంస్కృతంలో మిత్ర సొంత ఆస్తి, మిహిర బయటి నుంచి వచ్చిన ఎరువు, మూలం మాత్రం ఒక్కటే. ఆరో శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రవేత్త వరాహమిహిరుడు తన పేరులో ఆ ఎరువు మాటను ధరించాడు. సూర్య విగ్రహాలను ప్రతిష్ఠించే అర్హత మగులది అని బృహత్సంహితలో రాసింది ఆయనే. మగులు అంటే ఇరాన్ మూలాలున్న సూర్యోపాసక పురోహితులు.